డిగ్రీలో సోషల్ సైకాలజీ: ప్రయోగాలను ఎలా చదవాలి, మన ఊళ్లలో ఎలా పరిశీలించాలి?

మిర్యాలగూడ విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. సైకాలజీ నా సబ్జెక్టుల్లో ఒకటి, ఈ సెమిస్టర్‌లో సోషల్ సైకాలజీ పేపర్ ఉంది. ఇంటర్ వరకు తెలుగు మీడియంలోనే చదివాను కాబట్టి ఇంగ్లిష్ పుస్తకంలో ఒక్కో అధ్యాయం పూర్తి చేయడానికి చాలా సమయం పడుతోంది, అయినా ఈ సబ్జెక్టు మీద ఇష్టం మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. నా ఇబ్బంది వేరే చోట ఉంది. పాత ప్రశ్నపత్రాలు చూస్తే ట్రిప్లెట్ 1898, షెరీఫ్ 1935, యాష్ 1951, మిల్‌గ్రామ్ 1963 అంటూ పేరు, సంవత్సరం, ఫలితం రాసేస్తే మార్కులు పడతాయనిపిస్తోంది. అలా రాసిన జవాబు నాకే తృప్తిగా లేదు. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నవారిలో చాలామంది అమెరికా విద్యార్థులు. వారి ప్రవర్తనను బట్టి తేల్చిన విషయాలు మా అమ్మకూ, ఆమెతో కలిసి సాగర్ ఎడమ కాలువ కింద నాట్లకు వెళ్లే ఆడవాళ్లకూ వర్తిస్తాయా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

మా మేడమ్ చిన్న క్షేత్ర పరిశీలన ఒకటి చేసి ప్రాజెక్టు రాయమన్నారు. గుంపులో ఉన్నప్పుడు మనిషి తన శ్రమను తగ్గించుకుంటాడని చెప్పే సోషల్ లోఫింగ్‌ను వరి నాట్లలో పరిశీలించాలని అనుకుంటున్నాను. చదివే పద్ధతి గురించీ, ఈ ప్రాజెక్టు గురించీ పెద్దలు సలహా ఇవ్వగలరు.

పాలమూరు అధ్యాపకుడు:

అమ్మా, నేను మహబూబ్‌నగర్‌లో ఈ పేపరే చెబుతాను, కాబట్టి మీ అసంతృప్తి నాకు బాగా అర్థమవుతుంది. పేరూ సంవత్సరమూ గుర్తుంచుకోవడం తప్పు కాదు, కానీ ప్రయోగం అసలు బలం దాని ఫలితంలో కన్నా ఏ ఒక్క అంశాన్ని మారిస్తే ఫలితం ఎంత మారిందన్న దానిలో ఉంటుంది. మిల్‌గ్రామ్‌నే తీసుకోండి. శాస్త్రవేత్త ఆదేశిస్తే మామూలు మనుషులు వేరే గదిలోని మనిషికి ఎంతదాకా కరెంటు షాకు ఇస్తారో ఆయన చూశాడు, ఆ షాకులు నిజమైనవి కావు. నలభై మందిలో 26 మంది, అంటే 65 శాతం, 450 వోల్టుల చివరి మీట దాకా వెళ్లారన్న అంకెను మా విద్యార్థులందరూ రాస్తారు. అయితే షాకు తగులుతున్నట్టు నటించే మనిషిని అదే గదిలోకి తెచ్చినప్పుడు అది 40 శాతానికి తగ్గింది. అతని చేతిని పట్టి పలక మీద పెట్టాల్సి వచ్చినప్పుడు 30 శాతానికి తగ్గింది. ఆదేశమిచ్చే శాస్త్రవేత్త గది నుంచి వెళ్లిపోయి ఫోన్‌లో చెప్పినప్పుడు సుమారు 21 శాతమే మిగిలింది. పక్కన కూర్చున్న ఇద్దరు తోటివారు ముందే నిరాకరించినప్పుడు చివరిదాకా వెళ్లినవారు పది శాతమే. ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూసిన విద్యార్థి ‘మనుషులు స్వభావరీత్యా క్రూరులు’ అని జవాబు ముగించడు. క్రూరత్వం స్వభావంలోనే ఉండి ఉంటే గది మారినంత మాత్రాన విధేయత ఇంతగా ఎందుకు తగ్గుతుంది?

గీతల పొడవులు పోల్చి చెప్పమన్న యాష్ ప్రయోగం కూడా అంతే. పద్దెనిమిది సందర్భాల్లో పన్నెండింటిలో ముందే కుదుర్చుకున్న మిగతావారంతా కావాలని తప్పు గీతను చూపించారు, ఆ పన్నెండింటిలో దాదాపు మూడో వంతు జవాబులు గుంపు వైపు మొగ్గాయి. పుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. మూడింట రెండు వంతుల జవాబులు గుంపును కాదన్నాయన్న సంగతి, పాల్గొన్నవారిలో దాదాపు నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదన్న సంగతి, నిజం చెప్పే తోడు ఒక్కరు దొరికితే లొంగుబాటు బాగా పడిపోయిందన్న సంగతి కూడా రాయండి. నేను పేపర్లు దిద్దేటప్పుడు ఇలాంటి జవాబు దగ్గర ఆగి మళ్లీ చదువుతాను.

దేవరకొండ టీచర్:

నేను సైకాలజీలో పీజీ చేసి ఇప్పుడు ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. మీ ప్రాజెక్టు ఆలోచన చాలా బాగుంది, ఎందుకంటే ఈ అంశం మొదలైందే కాయకష్టం నుంచి. ఫ్రాన్స్‌లో వ్యవసాయ ఇంజినీరుగా పనిచేసిన రింగెల్‌మాన్ తాడు లాగించి చూసి, మనుషులు పెరిగే కొద్దీ ఒక్కొక్కరి వంతు బలం తగ్గుతోందని గమనించాడు. 1979లో లాటానే, విలియమ్స్, హార్కిన్స్ చప్పట్లు, కేకలతో దాన్ని మళ్లీ పరీక్షించారు. ఒంటరిగా చేయగలిగిన చప్పుడుతో పోలిస్తే ఇద్దరున్నప్పుడు ఒక్కొక్కరు 71 శాతం, నలుగురున్నప్పుడు 51 శాతం, ఆరుగురున్నప్పుడు 40 శాతమే చేశారు. అదే బృందం 1981లో, ఎవరి చప్పుడు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ తగ్గుదల దాదాపు పోయిందని చూపించింది.

ఇప్పుడు పొలంలోకి రండి. నాటు వేసేటప్పుడు ఆడవాళ్లు వరుసగా వంగి వెనక్కి జరుగుతూ పోతారు, చేయి అందినంత వెడల్పు ఒక్కొక్కరి మునుం. ఎవరైనా వెనకబడితే మిగతావారి వరుస వెనక్కి వెళ్లిపోతుంది, ఆమె ఒక్కతే నాటిన మడి మధ్యలో మిగిలిపోతుంది, అది ఒడ్డు మీద నిలబడ్డ ఎవరికైనా కనిపిస్తుంది. అదే ఆడవాళ్లు పొద్దున నారుమడిలో నారు పీకేటప్పుడు కట్టలన్నీ ఒకే చోట పడతాయి కాబట్టి ఏ కట్ట ఎవరిదో తెలియదు. ఒకే గుంపు, ఒకే పూట, ఒకే పొలం, కానీ ఒక పనిలో ఎవరి వంతు వారిదని తెలుస్తుంది, మరొక పనిలో తెలియదు. ఇంత చక్కటి పోలిక ప్రయోగశాలలో కూడా అంత తేలికగా దొరకదు. ఇంకొకటి కూడా గమనించండి. బాలింతో, ఒంట్లో బాగాలేని ముసలామెనో వెనకబడితే అటూ ఇటూ ఉన్నవారు మాట్లాడకుండా ఆమె మునుంలో కూడా నాలుగు మొక్కలు వేసి వరుస సరిచేస్తారు. పక్కవారు చేయలేరని తెలిసినప్పుడు మనిషి తన వంతుకు మించి శ్రమిస్తాడని విలియమ్స్, కారౌ 1991లో చూపించినది దీనికి దగ్గరగా ఉంటుంది. లోఫింగ్ గురించి మాత్రమే రాసి దీన్ని వదిలేస్తే ఆ శ్రామికులకు అన్యాయం చేసినట్టవుతుంది.

సోషియాలజీ ఎంఏ, కొల్లాపూర్:

పై సలహాలను గౌరవిస్తూనే ఒక గట్టి అభ్యంతరం చెప్పదలచాను. కూలీల పనిని ‘శ్రమ తగ్గించుకోవడం’ అన్న పేరుతో కొలవడం మొదలుపెడితే భూమి ఎవరిది, కూలి ఎంత, బాకీ ఎవరికి అన్న ప్రశ్నలు పక్కకు పోతాయి. పాలమూరు లేబర్ దేశమంతటా ఆనకట్టలు కట్టింది, కాలువలు తవ్వింది. వారు గుంపు మేస్త్రీ మాట ఎందుకు జవదాటలేదని అడిగితే సోషల్ సైకాలజీ విద్యార్థి వెంటనే మిల్‌గ్రామ్ పేరు చెబుతాడు. అసలు కారణం ముందుగా తీసుకున్న అడ్వాన్సు, ఊళ్లో పండని చేను. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయిన మనిషిని జనం చూసే చూపును వైఖరి అని పేరు పెట్టి స్కేలుతో కొలవవచ్చు, పెళ్లి సంబంధాలు ఎందుకు తప్పిపోయాయో కూడా రాయవచ్చు. కానీ ఆ బాధకు మూలం భూగర్భ జలంలో ఉన్న ఫ్లోరైడ్, సురక్షితమైన నీరు ఆలస్యంగా రావడం. ఈ సబ్జెక్టు మనిషి తలలోపలికే చూస్తుందేమోనని నా భయం.

పాలమూరు అధ్యాపకుడు:

మీ అభ్యంతరం న్యాయమైనది, తరగతిలో దీన్ని ప్రతి సంవత్సరం చర్చకు పెట్టాల్సిందే. అయితే ఈ శాస్త్రం లోపలికే చూస్తుందన్న మాటను నేను ఒప్పుకోను. ప్రవర్తన అనేది మనిషీ పరిస్థితీ కలిసి నిర్ణయించేదని కర్ట్ లెవిన్ చెప్పిన సూత్రం మీదే ఇదంతా నిలబడింది. పరిస్థితిని మరిచిపోయి మనిషి గుణానికే కారణం అంటగట్టే అలవాటును ఒక పొరపాటుగా గుర్తించి, 1977లో లీ రాస్ దానికి ‘ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్’ అని పేరు పెట్టాడు. ‘పాలమూరోళ్లు ఎక్కడైనా బతుకుతారు’ అని మెచ్చుకోలుగానే అనే మాటలో కూడా ఆ పొరపాటు ఉంది, ఎందుకంటే అది కరువునూ అప్పునూ దాచి వారి ఓర్పును మాత్రమే చూపిస్తుంది.

ఇక్కడ మన దేశం నుంచి వచ్చిన ఒక ముఖ్యమైన అధ్యయనం ఉంది. జోన్ మిల్లర్ 1984లో ప్రచురించిన పరిశోధనలో అమెరికన్లనూ మైసూరు హిందువులనూ పోల్చింది. ఎదుటివారి పనికి కారణం చెప్పమన్నప్పుడు వయసు పెరిగే కొద్దీ అమెరికన్లు స్వభావం వైపు, మైసూరువారు సందర్భం వైపు ఎక్కువగా మొగ్గారు, చిన్నపిల్లల్లో మాత్రం అంత తేడా లేదు. కాబట్టి ఆ అలవాటులో కొంత భాగం పెరిగే వాతావరణం నుంచి నేర్చుకున్నదే అన్నమాట.

కులం విషయానికొస్తే హాఫ్, పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో బడి పిల్లల చేత కాగితం మీది చిక్కుదారులను పరిష్కరింపజేశారు. కులం ఊసు ఎత్తనప్పుడు నిమ్న కులాల పిల్లలు మిగతావారితో సమానంగా చేశారు, అందరి ముందూ పేరుతో పాటు కులాన్ని చదివినప్పుడు వారి ఫలితం పడిపోయింది. ఇక్కడ తల లోపల జరిగినది కుల వ్యవస్థ చేసిన పని. దాన్ని లెక్కకు అందేలా చూపించడం సామాజిక శాస్త్రానికి సాయమే తప్ప పోటీ కాదు.

సోషియాలజీ ఎంఏ, కొల్లాపూర్:

హాఫ్, పాండే అధ్యయనం వరకు ఒప్పుకుంటున్నాను. అయినా కలిసి కూర్చుంటే, కలిసి తింటే ద్వేషం పోతుందని చెప్పే పాఠం మీద నాకు నమ్మకం తక్కువ. మన ఊళ్లలో పీర్ల పండుగకు అన్ని కులాలవారూ వస్తారు, జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందువులు పెద్ద సంఖ్యలో వెళతారు. మరుసటి రోజు ఎవరి వాడ వారిదే.

నారాయణపేట పరిశోధకుడు:

మీ మాటలో ఉన్నదే ఆల్‌పోర్ట్ 1954లో పెట్టిన షరతు. కేవలం కలవడం చాలదని, సమాన హోదా, ఒకే లక్ష్యం, సహకారం, పైవారి మద్దతు ఉండాలని ఆయన అన్నాడు. మాట్ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల యువకులు 1,261 మందిని తీసుకుని, కొందరిని లాటరీ పద్ధతిలో నెల రోజుల క్రికెట్ లీగులో చేర్చి, మిగతావారితో పోల్చి చూశాడు. 2021లో వచ్చిన ఆ వ్యాసం ప్రకారం ఒకే జట్టులో వేర్వేరు కులాలవారితో ఆడినవారిలో కులాల మధ్య స్నేహాలు పెరిగాయి, ఎదురు జట్టుగా మాత్రమే కలిసినప్పుడు అలా జరగలేదు, కొన్ని అంశాల్లో వెనక్కి కూడా పోయింది. పీర్ల పండుగలో అగ్గి గుండం చుట్టూ ఆడేటప్పుడు ఎవరు ఎక్కడ నిలబడతారు, పీరును ఎవరు ఎత్తుతారు, డప్పు ఎవరు కొడతారు అన్నది దగ్గరగా చూసి రాస్తే అది సమాన హోదాతో కూడిన కలయికా కాదా అన్నది తేలుతుంది. బీఏ స్థాయిలో అంతకన్నా మంచి ప్రాజెక్టు ఉండదు.

విద్యార్థినికి మరో విషయం చెప్పాలి. పుస్తకంలో ఉన్నదంతా ఒకే స్థాయి నిజం కాదు. 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగంలో కాపలాదారులు తమంతట తామే క్రూరులయ్యారని చదువుతాం, కానీ ఎలా ప్రవర్తించాలో వారికి నిర్వాహకుల నుంచి సూచనలు అందాయని ఆ ప్రయోగం దస్తావేజులు చూసినవారు తర్వాత బయటపెట్టారు. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న పత్రికా కథనం కూడా నిలబడలేదు. ఆ కథనం ప్రేరణతో డార్లీ, లాటానే 1968లో చేసిన ప్రయోగాలు వేరు, వాటిని వాటి బలంతోనే చూడాలి. మూర్ఛ వచ్చినట్టు వినిపించినప్పుడు తానొక్కడే వింటున్నాననుకున్నవారిలో 85 శాతం ఆ మూర్ఛ ముగిసేలోపే సాయానికి లేచారు, మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో 31 శాతమే లేచారు. అయితే ఇటీవల మూడు దేశాల నగరాల్లోని సీసీ కెమెరా దృశ్యాలు పరిశీలిస్తే, బహిరంగ గొడవల్లో పదింటికి తొమ్మిదింటిలో కనీసం ఒకరు అడ్డుపడ్డారని తేలింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేయవు, ఎందుకంటే ఒక్కొక్కరి సంసిద్ధత తగ్గినా గుంపు పెద్దదైతే ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం మిగులుతుంది. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలను తిరిగి చేసి చూసినప్పుడు మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ మాత్రమే నిలబడ్డాయన్న సంగతినీ మీ నోట్సు మొదటి పేజీలో రాసుకోండి. మీరు అడిగిన అమెరికా విద్యార్థుల ప్రశ్నను హెన్రిక్, అతని సహచరులు 2010లో గట్టిగా లేవనెత్తారు. కాబట్టి అది తెలియనితనంతో అడిగిన ప్రశ్న కాదు, ఈ శాస్త్రం తనను తాను అడుగుతున్న ప్రశ్న.

గద్వాల పాఠకుడు:

నేను సైకాలజీ చదవలేదు, కానీ 2018లో మా జిల్లాలో జరిగింది ఈ చర్చకు పనికొస్తుందనుకుంటున్నాను. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వచ్చిన రోజుల్లో రాష్ట్రంలో కొన్నిచోట్ల అమాయకులపై దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికొక పోలీసును కేటాయించి, జానపద కళాకారుల చేత పాటలు పాడించి, డప్పు చాటింపు వేయించి ఆ పుకార్లు అబద్ధమని ఇంటింటికీ చేర్చారు. పత్రికా ప్రకటనకు లొంగని జనం పాటకూ, తెలిసిన కానిస్టేబుల్ మాటకూ ఎందుకు లొంగారో మీ పుస్తకాల్లో ఉందా?

నారాయణపేట పరిశోధకుడు:

ఉందండి, అందులో మన దేశం వాటా చాలా పెద్దది. మాట ఎవరి నోట వచ్చిందన్న దాన్ని బట్టి దాని బలం మారుతుందని హోవ్‌లాండ్, వైస్ 1951లో చూపించారు, ఊరివారికి ముఖం తెలిసిన కానిస్టేబుల్ విషయంలో జరిగింది దానికి దగ్గరగా ఉంది. పుకారు ఎందుకు పుడుతుందన్నది ఇంకా లోతైన ప్రశ్న. 1934 బిహార్ భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే మనస్తత్వవేత్త అక్కడి పుకార్లను సేకరించాడు. ప్రకంపనలు తెలిసినా నష్టం జరగని ప్రాంతాల్లో, ఇంకా పెద్ద విపత్తు రాబోతోందన్న పుకార్లు బాగా పాకాయి. కళ్ల ముందు శిథిలాలు లేవు, గుండెల్లో భయం మాత్రం ఉంది, ఆ భయానికి తగిన కారణాన్ని జనం పుకారు రూపంలో తయారుచేసుకున్నారని లియోన్ ఫెస్టింజర్ ఆ వివరాలు చదివి ఊహించాడు. ఒకదానితో ఒకటి పొసగని ఆలోచనలు కలిగించే ఇబ్బందిని మనిషి ఎలాగైనా తగ్గించుకోవాలని చూస్తాడని చెబుతూ 1957లో ఆయన ప్రతిపాదించిన కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతానికి అదొక మొదటి మెట్టు. డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడి నిజంగా నష్టం జరిగినచోట దుర్గానంద్ సిన్హా సేకరించిన పుకార్లలో అలాంటి జోస్యాలు లేకపోవడం ఆ పోలికను ఇంకా పదును చేసింది. విసుగు పుట్టించే పనిని బాగుందని అబద్ధం చెప్పడానికి ఒక డాలరు తీసుకున్నవారు, ఇరవై డాలర్లు తీసుకున్నవారు అన్న 1959 ప్రయోగంతోనే డిసొనెన్స్‌ను మొదలుపెట్టే అధ్యాపకులు ఈ బిహార్ కథను ముందు చెబితే మన పిల్లలకు సిద్ధాంతం తమ ఇంటిదనిపిస్తుంది.

వనపర్తి తండ్రి:

క్షమించండి, ఒక చిన్న ప్రశ్న. మా అమ్మాయి కూడా ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో ఈ సబ్జెక్టే పెట్టుకుంటానంటోంది. దీంతో ఉపాధి ఉంటుందా?

దేవరకొండ టీచర్:

బీఏ ఒక్కదానితో సైకాలజిస్టు కాలేరండి. ఎంఏ చేయాలి, క్లినికల్ వైపు వెళ్లాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సూ, నమోదూ తప్పనిసరి. సర్వేలు, ప్రజారోగ్యం, సంస్థల్లో మానవ వనరుల విభాగం ఉన్నాయి, సివిల్స్‌లో ఐచ్ఛిక సబ్జెక్టుగా కూడా తీసుకోవచ్చు. ఇష్టంగా చదివే పిల్ల అయితే అడ్డుచెప్పకండి.

మిర్యాలగూడ విద్యార్థిని:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. బిహార్ భూకంపం గురించి మా పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేదు, అది చదివినప్పటి నుంచి నాకు కొత్త ఉత్సాహం వచ్చింది. ప్రాజెక్టు విషయంలో ముందు ఇలా అనుకున్నాను: రోజు కైకిలికి నాటే గుంపునూ, ఎకరాకు ఇంతని గుత్త పట్టిన గుంపునూ చూసి, ఎవరు ఎంత వేగంగా నాటుతున్నారో పోల్చడం. దేవరకొండ మేడమ్ చెప్పిన నారుమడి, మునుం పోలిక దీనికన్నా మెరుగైనదా?

నారాయణపేట పరిశోధకుడు:

చాలా మెరుగైనది. గుత్తలో వేగం పెరిగితే అది డబ్బు వల్లా, ఎవరి పని వారిదని తెలియడం వల్లా అన్నది మీరు విడదీయలేరు. నారుమడి, మునుం రెండూ ఒకే కైకిలి కింద జరిగే పూట ఎంచుకుంటే కూలి స్థిరంగా ఉంటుంది. అప్పుడు కూడా పీకడం, నాటడం వేర్వేరు పనులు కాబట్టి వాటి వేగాలను నేరుగా పోల్చకండి. నారుమడిలోనే ఒక పూట కట్టలు కలిపి పడేసే మామూలు పద్ధతి, మరో పూట ఎవరి కట్టలు వారి వెనక పేర్చే పద్ధతి పెట్టగలిగితే, పావుగంటకు ఎన్ని కట్టలో లెక్కించి పోల్చవచ్చు. కట్ట పరిమాణం కూడా చూడండి, సంఖ్య పెరిగి కట్ట సన్నబడితే అది వేగం కాదు. వంద మందిని చూసినట్టు రాయకండి, ఒక గుంపును చూశానని, ఇది పరిశీలన మాత్రమేనని స్పష్టంగా చెప్పండి. గుంపులో వారు బంధువులో ఒకే వాడవారో అయితే అది తప్పక రాయండి, ఎందుకంటే కారౌ, విలియమ్స్ 1993లో 78 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు స్త్రీలలోనూ తూర్పు దేశాలలోనూ ఈ తగ్గుదల తక్కువగా ఉందని తేలింది. మీకు అసలు తగ్గుదలే కనిపించకపోవచ్చు. అదీ ఫలితమే, దాచకండి.

పాలమూరు అధ్యాపకుడు:

ఇంకో మాట, అమ్మా. మీ అమ్మగారు పనిచేసే గుంపును కాకుండా వేరే గుంపును ఎంచుకోండి. మీరు ఒడ్డు మీద పుస్తకం పట్టుకుని నిలబడితేనే వారి పని మారిపోతుంది, కాబట్టి మొదటి రెండు మూడు పూటలు ఏమీ రాసుకోకుండా ఊరికే వెళ్లి కూర్చోండి. ఆడవాళ్లందరినీ, రైతు లేనప్పుడు, విడివిడిగా అడిగి ఒప్పుకున్నవారినే లెక్కలోకి తీసుకోండి. ఎవరు ఎన్ని కట్టలు పీకారన్నది పేర్లతో రాసిన కాగితం మేస్త్రీ చేతికో రైతు చేతికో చేరితే రేపు ఒకామె కైకిలికి గండి పడుతుంది, అందుకని పేర్ల బదులు గుర్తులు వాడండి, లెక్క పూర్తయ్యాక ఆ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. యాసంగి నాట్లు మొదలయ్యేలోగా రెండు పేజీల ప్రణాళిక రాసి మీ మేడమ్ సంతకం తీసుకోండి, అది ఇక్కడ పెడితే మేమందరం చదివి చెబుతాం.